పాత కారు బ్రేకుల్లో గాలి తీయడం

పెడల్ మెత్తగా దిగి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతోందంటే బ్రేక్ ఫ్లూయిడ్ లైన్లో గాలి ఉండొచ్చు. డ్రమ్ బ్రేకులకు షూలకీ (డ్రమ్‌ని లోపలి నుంచి ఒత్తే పట్టీలు) డ్రమ్‌కీ మధ్య ఎడం పెరిగినా ఇదే లక్షణం. అందుకే ముందు షూలు అడ్జస్ట్ చేసి, ఆ తర్వాతే బ్లీడింగ్ (గాలి తీయడం) మొదలుపెట్టాను.

చక్రాల దగ్గర గాలి వదిలే నిపుల్స్‌కి ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, రింగ్ స్పానర్‌తోనే తిప్పాలి. ఓపెన్ స్పానర్ పెడితే మూలలు అరిగిపోతాయి, ఇక డ్రిల్లే గతి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని లైన్లోకి నెట్టేది) బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలు. నిపుల్‌కి తగిలించిన ట్యూబ్ రెండో కొస సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగి ఉండాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు నిపుల్ పావు చుట్టు వదులు చేసి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇంతే. ఫ్లూయిడ్ రిజర్వాయర్ సగం కంటే దిగితే నింపుతూ ఉండాలి. గాలి పీల్చిందా, పని మళ్లీ మొదటికే.

అసలు చిక్కు పెడల్‌ని నేలదాకా తొక్కడంలో ఉంది. పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ రోజూ వెళ్లని చోట తుప్పు పేరుకుంటుంది, రబ్బరు సీల్ అంచు అక్కడ చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టాక ఆ బెడద లేదు.

గాలి పోయాక కూడా, తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా జారుతోందా? బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ సీల్‌నే అనుమానించాలి.

డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్‌లో డాట్ 5 కలపొద్దు, ఒకటి గ్లైకాల్, మరొకటి సిలికాన్. డాట్ 4 పెయింట్ మీద ఒలికితే వెంటనే నీళ్లు కొట్టండి, తుడిస్తే ఇంకా పాకుతుంది.