‘టు’లో ఉన్నది ఏ శ్రీనివాస్?

నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. రెండేళ్ల కిందట ఒక నెలాఖరు సాయంత్రం, మా ఆఫీసు శ్రీనివాస్‌కి పంపాల్సిన జీతాల ఫైల్ మాకు కుర్చీలు సప్లై చేసే శ్రీనివాస్‌కి వెళ్లిపోయింది. నాలుగక్షరాలు కొట్టగానే జీమెయిల్ ఒక పేరు చూపించింది, నేను ఎంటర్ నొక్కేశాను. 42 మంది జీతాలు, బ్యాంక్ అకౌంట్ నంబర్లతో సహా. ఫోన్ చేస్తే ఆయన వెంటనే డిలీట్ చేశాడు, కానీ ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి అడ్రస్ అన్నిటికంటే చివర వేస్తున్నాను. ముందు విషయం, తర్వాత అటాచ్‌మెంట్. ‘టు’ ఖాళీగా ఉంటే పొరపాటున సెండ్ నొక్కినా మెయిల్ కదలదు. రిప్లైలో అడ్రస్ దానంతట అదే వచ్చేస్తుంది కాబట్టి, ఫైల్ ముఖ్యమైనదైతే దాన్ని తీసేసి మళ్లీ వేస్తాను.

పేరు చూసి సరిపెట్టుకోకండి. పేరు మీద మౌస్ పెడితే, ఫోన్‌లో అయితే నొక్కితే, అసలు అడ్రస్ కనిపిస్తుంది. అక్షరం అక్షరం చదవండి. బెంగళూరులో ఇది మరీ అవసరం. మన శ్రీనివాస్‌లు ఎస్ పక్కనే ఆర్ రాస్తారు, కన్నడవాళ్లలో కొందరు మధ్యలో హెచ్ పెడతారు. స్వాతికి మనం టీ పక్కన హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు ఉట్టి టీ రాస్తారు. ఇంటిపేరు అక్షరం మనకు ముందుంటుంది, ఇక్కడ చాలామందికి చివరుంటుంది. ఎట్ గుర్తు తర్వాత డాట్ కామా, డాట్ కో డాట్ ఇన్నా అన్నదీ చూడండి. జీమెయిల్ అడ్రస్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకపోయినా ఒకరికే వెళ్తుంది. కంపెనీ అడ్రస్‌లకు ఆ భరోసా లేదు.

కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిస్తే, జనరల్ కింద ‘అన్‌డూ సెండ్’ ఉంటుంది. పంపిన మెయిల్‌ని ఎన్ని సెకన్లలోపు ఆపుకోవచ్చో అక్కడ పెట్టుకోవచ్చు. మామూలుగా 5 సెకన్లే. ఇవాళే 30కి మార్చండి. సెండ్ నొక్కాక ఆ 30 సెకన్లూ నేను కుర్చీలోంచి లేవను, ‘టు’ మళ్లీ చదువుతాను. అవుట్‌లుక్‌లో రీకాల్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. బయటి కంపెనీకి వెళ్లిన మెయిల్‌ని అది వెనక్కి తేలేదు.

వెండర్లందరికీ ఒకేసారి పంపాలంటే, ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపించకుండా బీసీసీలో వేయండి. రిప్లై ఆల్ నొక్కే ముందు సీసీ వరస మొత్తం విప్పి చూడండి.

మనం మెయిల్ పంపినవాళ్ల అడ్రస్‌లు గూగుల్ కాంటాక్ట్స్‌లో ‘అదర్ కాంటాక్ట్స్’ కింద వాటంతట అవే చేరతాయి. అది తెరిచి, అక్కర్లేని పాత అడ్రస్‌లు తీసేయండి. తీసేయలేనివాటిని కాంటాక్ట్స్‌లో చేర్చుకుని పేరు మార్చండి. ఇప్పుడు నేను శ్రీనివాస్ అని కొడితే, ఒకరు ‘వెండర్ కుర్చీలు శ్రీనివాస్’, ఇంకొకరు ‘మా ఆఫీస్ శ్రీనివాస్’.