రోమా 9వ అధ్యాయాన్ని బైబిల్ స్టడీలో చెప్పాలంటే

దేవుని ఏర్పాటు గురించి పాఠం పెట్టుకున్నవాళ్ళు చాలామంది తిన్నగా రోమా 9 తెరుస్తారు. "యాకోబును ప్రేమించితిని, ఏశావును ద్వేషించితిని" అన్న దేవుని మాట దగ్గరికి వచ్చేసరికి వాదన మొదలవుతుంది, ఆ గంట ఇక చేతికి రాదు. మూడు వారాలు పెట్టుకోండి, వారానికి గంట. రోమా 9 రెండో వారానికి ఉంచండి.

మొదటి వారమంతా మాటల పని. మన బైబిల్ పాత తెలుగు అనువాదంలో 'ఏర్పాటు' అంటే ఎంచుకోవడం. ఇవాళ్టి యౌవనస్థులకు ఏర్పాట్లంటే షామియానా, కుర్చీలు, భోజనాలు. పోనీ 'ఎన్నిక' అందామా అంటే ఓట్లు గుర్తొస్తాయి, ఓటేమో అభ్యర్థి అర్హత చూసి వేసేది (వేయాల్సినది, కనీసం). ద్వితీయోపదేశకాండం 7:7-8 చదివించండి. మీరు ఎక్కువమంది అని కాదు, ప్రేమించాడు గనుక ఎంచుకున్నాడు అంటుంది. అర్హత అన్న మాట అక్కడే పడిపోతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు 'ముందుగా నిర్ణయించెను'. తెలుగు చెవికి అది తలరాతలా వినబడుతుంది. దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, తొందరపడొద్దు. తలరాత అంటే పెళ్ళి, రోగం, పరీక్ష ఫలితం అన్నీ అందులో ఉంటాయి. ఎఫెసీ 1:5లో నిర్ణయం కుమారులుగా స్వీకరించడానికి, రోమా 8:29లో క్రీస్తు పోలికలోకి తేవడానికి. పరీక్ష తప్పడం గురించి ఆ రెండు వచనాల్లో ఏమీ లేదు. కర్మ సంగతి అడిగితే రోమా 9:11 చూపించండి: యాకోబు, ఏశావు ఇంకా పుట్టలేదు, మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. పాత క్రియల లెక్కకు అక్కడ చోటే లేదు.

మిగిలిన సమయంలో అందరికీ పెన్సిళ్ళిచ్చి ఎఫెసీ 1:3-14లో 'క్రీస్తులో', 'ఆయనయందు' లాంటి మాటల కింద గీతలు గీయించండి. గ్రీకులో ఆ పన్నెండు వచనాలూ ఒకే వాక్యం. ఏర్పాటును క్రీస్తు నుంచి విడదీసి ఆలోచించకూడదని మీరు చెప్పనక్కర్లేదు, పేజీయే చెబుతుంది.

రెండో వారం 9:1-5తో మొదలుపెట్టండి. దీన్ని దాటేయడమే అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. పౌలు తన జనమైన యూదుల కోసం ఏడుస్తూ ఈ అధ్యాయం మొదలుపెడుతున్నాడు. దేవుడు మోషేతో అన్న "కరుణింతును" అనే మాట (9:15) నిర్గమకాండం 33:19లోది. ముందు అధ్యాయంలో బంగారు దూడ సంగతి ఉంది. నాశనానికి తగినవాళ్ళ మీద చూపిన కనికరం గురించిన మాట అది. ఏశావు మాట మలాకీ 1:2-3 నుంచి వచ్చింది, అక్కడ ఏశావు సంతానమైన ఎదోము అనే జనం కనబడుతుంది. ఫరో దగ్గర రెండు వైపులా చూపించండి. నిర్గమ 8:15లో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడు, 9:12లో యెహోవా కఠినపరచాడు. ఒకటి చెప్పి ఒకటి మింగేస్తే ఎవరో ఒకరు బైబిల్ తిప్పి పట్టుకుంటారు.

9:22-23 నెమ్మదిగా చదివించండి. ఉగ్రతకు పాత్రమైన ఘటాలు నాశనానికి 'సిద్ధపడి' ఉన్నాయి, కరుణ పొందే ఘటాలను దేవుడు 'ముందుగా సిద్ధపరచాడు'. రెండు క్రియలూ ఒకటి కావు, గ్రీకులోనూ కావు.

ఏర్పాటు గురించి వేర్వేరుగా చెప్పిన ఇద్దరు బోధకులు కాల్విన్, అర్మీనియస్ పేర్లు ఇక్కడ వచ్చే తీరతాయి. పది నిమిషాలు చాలు. అర్మీనియస్ 1609లో చనిపోయాడు, మరుసటి ఏడు అతని అనుచరులు ఐదు అంశాలు రాసిచ్చారు. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో కూడిన సంఘ సభ వాటిని తోసిపుచ్చింది. బోర్డు మీద రెండు వరుసలు రాయండి: "ఏర్పాటు, దాని వల్ల విశ్వాసం" (కాల్విన్ వైపు), "ముందే చూసిన విశ్వాసం, దాన్ని బట్టి ఏర్పాటు" (అర్మీనియస్ వైపు). లూథరన్లది మరో దారి: రక్షణకు ఏర్పరచుకున్నాడు, నాశనానికి ఎవరినీ ఏర్పరచలేదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పడింది, కాబట్టి మీ బల్ల చుట్టూ ఈ అభిప్రాయాలన్నీ కూర్చుని ఉండొచ్చు. మీ సంఘం నమ్మేది దాచకుండా చెప్పండి. అవతలివాళ్ళు వాక్యాన్ని తోసేశారని మాత్రం అనొద్దు, వాళ్ళ దగ్గరా 1 తిమోతి 2:4 ఉంది: మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడు.

మూడో వారం 10, 11 అధ్యాయాలు. 9 నుంచి 11 దాకా మొత్తం 90 వచనాలు, ఒకే వాదన. 9తో ఆపితే ప్రశ్న వేసి జవాబు దాచినట్టే. "ఏర్పాటే ఉంటే సువార్త ఎందుకు?" అన్న ప్రశ్నకు 10:14-15 (ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు?) సరిపోతుంది, దానికి తోడు అపొస్తలుల కార్యములు 18:9-11 పెట్టండి. కొరింథులో "ఈ పట్టణములో నాకు బహు జనమున్నది" అని ప్రభువు అన్నాక పౌలు ఊరు వదల్లేదు, ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించాడు. ఒలీవ చెట్టు భాగం (11:17-24) అంటు కట్టడం చూసినవాళ్ళ చేత చెప్పించండి. అక్కడ అడవి కొమ్మను (అంటే యూదులు కాని విశ్వాసులను) మంచి చెట్టుకు కడుతున్నారు, తోటల్లో చేసేదానికి తలకిందులు. అది "స్వభావ విరుద్ధము" అని 24వ వచనమే అంటుంది.

గుంపులో ఎవరింట్లోనైనా బాప్తిస్మం లేని బిడ్డ చనిపోయి ఉంటే ఆ నెల ఈ పాఠం వాయిదా వేయండి. కొడుకు సంఘం వదిలేసిన తల్లి ఉంటే ముందే ఇంటికెళ్ళి మాట్లాడండి. "వాడు ఏర్పాటులో లేడేమో" అని ఆమె అందరి మధ్య అడగాల్సి రాకూడదు. ఎవరు లేరో చెప్పే జాబితా వాక్యంలో ఎక్కడా ఇవ్వలేదని ఆమెకు చెప్పాలి.

పాఠం అయ్యాక గుమ్మం దగ్గర ఒకరు నెమ్మదిగా అడుగుతారు: "మరి నేను ఉన్నానాండీ?" ఆ జవాబు సిద్ధంగా ఉంచుకోండి. జగత్తు పునాదికి ముందు ఏం జరిగిందో తవ్వి చూడమనకండి. యోహాను 6:37 చదవండి: తన దగ్గరికి వచ్చేవాణ్ణి త్రోసివేయనని అక్కడ యేసు అంటున్నాడు. వచ్చారా అని అడగండి. వచ్చానంటే, పిలుపునూ ఏర్పాటునూ నిశ్చయం చేసుకోమనే 2 పేతురు 1:5-10 కలిసి చదవండి, రాలేదంటే అక్కడే నిలబడి ప్రార్థన చేయండి.