తీర్థన్‌లో ట్రౌట్ కోసం వెళ్తున్నారా? ముందు కాళ్ల సంగతి చూసుకోండి

హిమాచల్‌లో తీర్థన్ లోయకి ఫ్లై ఫిషింగ్‌కి (పురుగులా కట్టిన ఎరతో ట్రౌట్ అనే చల్లనీటి చేపల్ని పట్టడం) బయల్దేరే మనవాళ్లు రాడ్ గురించి నెలరోజులు ఆలోచిస్తారు, కాళ్లకి ఏం వేసుకోవాలన్నది మాత్రం ఆఖరి రాత్రి గుర్తొస్తుంది. నా లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. మామూలు రాడ్‌తో కూడా చేప పడుతుంది గానీ, మంచు కరిగి వచ్చే ఆ నీళ్లలో కాళ్లు తిమ్మిరెక్కాక అరగంట కూడా నిలబడలేరు.

సర్దడానికి ముందు తేదీలు చూసుకోండి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడ ట్రౌట్ పట్టడం నిషేధం. జులై, ఆగస్టుల్లో వానలకి నది ఉరకలేస్తూ బురదగా ఉంటుంది. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా, లేదంటే సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ దాకా.

ఇక కాళ్లు. నది అడుగంతా గుండ్రటి రాళ్లు, వాటి మీద నాచు. చెప్పులు, జిమ్ షూస్ పనికిరావు. వేడింగ్ బూట్లు (నీళ్లలో నడవడానికి చేసినవి), ఛాతీ దాకా వచ్చే వేడర్లు (నీళ్లు చొరని ప్యాంటు లాంటివి), వాటి మీద నడుముకి గట్టిగా బెల్టు (పడిపోతే లోపలికి నీళ్లు చేరకుండా ఆపేది అదే, దయచేసి వదిలేయొద్దు). ఊతకర్ర ఒకటి ఉండాలి, మడతపెట్టే ట్రెకింగ్ కర్ర అయినా చాలు. మందపాటి ఉన్ని సాక్సులు రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి. మే నెలలో వేడర్లు బరువనిపిస్తే త్వరగా ఆరే ప్యాంటుతో ఒడ్డు నుంచే గాలం వేయొచ్చు, చాలా చోట్ల అది సరిపోతుంది కూడా. జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే రోజంతా ఆరదు. థర్మల్, ఫ్లీస్, పైన వాన జాకెట్, ఇలా పొరలుగా వేసుకుంటే మధ్యాహ్నం ఎండకి ఒకటి తీసేయొచ్చు. అంచున్న టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. నీటి మీద మెరుపు పోయి అడుగున రాళ్లూ చేపలూ కనిపిస్తాయి, పైగా వెనక్కి విసిరిన గాలం కంట్లో గుచ్చుకోకుండా కాపాడుతాయి.

గాలం సామాను చూస్తే చిన్న సంచిలో పడుతుంది. నాలుగు ముక్కలుగా విడిపోయే 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (ఈ అంకె లైను బరువుకి కొలత), రీలు, ఫ్లోటింగ్ లైను (నీటిపైన తేలేది), 4ఎక్స్, 5ఎక్స్ లీడర్లు (లైను కొసకి కట్టే సన్న దారాలు, ఎక్స్ అంకె పెరిగేకొద్దీ సన్నబడతాయి), టిప్పెట్ చుట్టలు (లీడర్ చివర కలిపే సన్న దారం). ఫ్లైలు (పురుగుల్లా కట్టిన ఆ ఎరలు) 12 నుంచి 16 సైజు. నీటిపైన తేలేవాటిలో ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్. మునిగేవాటిలో ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్. మునిగేవే ఎక్కువ పెట్టుకోండి, ట్రౌట్ మేత చాలావరకు నీటి లోపలే. రాళ్లకీ చెట్లకీ కొన్ని పోతాయి, అక్కడి ఊళ్లో దొరుకుతాయిలే అనుకోవద్దు. గాలం ఊడదీయడానికి ఫోర్సెప్స్ ఉంటే చాలు, గాలం మొన పక్కనుండే ఎదురుముల్లు నొక్కేయడానికీ అదే పనికొస్తుంది.

విమానంలో గాలాలు, కత్తెర, ఫోర్సెప్స్ చెకిన్ బ్యాగులోకి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులోనే. చెకిన్ పరిమితి సాధారణంగా 15 కిలోలు, బూట్లు, వేడర్లే రెండు మూడు కిలోలు తింటాయి, కాబట్టి బూట్లు తొడుక్కునే వెళ్లండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మెడలో ఒక విజిల్ వేసుకోండి. నీటి హోరులో కేకలు వినపడవు. 2014 జూన్ 8న లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మనకి తెలిసిందే. తీర్థన్ వెళ్లి బియాస్‌లో కలిసేది ఆ లార్జీ దగ్గరే. డ్యాముల కింద నీళ్లలో అసలు దిగొద్దు. పైన ఎక్కడైనా మేఘాలు కమ్మినా, నీరు రంగు మారినా సామాను వదిలేసి ముందు గట్టెక్కండి.

మిగతావి మామూలే: టార్చి, ఓఆర్ఎస్, బ్యాండేజీ, సన్‌స్క్రీన్, కొంత నగదు. మత్స్యశాఖ లైసెన్సు ఎక్కడ తీసుకోవాలో గెస్ట్‌హౌస్ వాళ్లని ముందే ఫోన్‌లో అడిగేయండి. ఆ కాగితం, గుర్తింపు కార్డు జిప్ కవర్లో పెట్టి, గదిలో కాకుండా జేబులో ఉంచుకోండి. మత్స్యశాఖ గార్డు అడిగేది నది ఒడ్డునే.