సొంత డైట్ క్లినిక్ తెరిచే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆస్పత్రిలో డైటీషియన్‌గా పనిచేసినన్నాళ్లూ డైట్ చార్ట్ మీద సంతకం మీదే అయినా, దాన్ని ఇంకో నలుగురు చూస్తారు. పొటాషియం పెరిగిన పేషెంటుకు పొరపాటున కొబ్బరినీళ్లు రాస్తే వార్డులో సిస్టరే ఫోన్ చేసి అడుగుతుంది. లేదంటే రౌండ్స్‌లో డాక్టరుగారు ఆపేస్తారు. కేస్ షీట్‌లో మందులన్నీ వరసగా ఉంటాయి, ల్యాబ్ రిపోర్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. సొంతంగా క్లినిక్ పెట్టిన రోజు నుంచి ఈ కాపలా ఏదీ ఉండదు. అద్దె, బోర్డు, ఇన్‌స్టా పేజీ గురించి పడే టెన్షన్‌లో సగం దీని మీద పెడితే పెద్ద గండాలు తప్పుతాయి.

ముందు మందుల సంచి

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మని. ప్రిస్క్రిప్షన్ ఒక్కటే చాలదు. అందులో ఉన్నదానికీ ఇంట్లో మింగేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

"షుగర్‌కి ఒకటే మాత్ర మేడమ్, చిన్నది" అంటారు పెద్దాయన. సంచి బల్ల మీద బోర్లిస్తే ఆ చిన్న మాత్ర గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది. పక్కనే ఇంకో స్ట్రిప్, పేరున్న వైపు కత్తిరించేసి ఉంటుంది. అడుగున ఎవరో చుట్టాలిచ్చిన పొడి డబ్బా, దానికి లేబులే ఉండదు. "పది రోజుల నుంచి రాత్రి అన్నం మానేశా, ఒక్క పుల్కాయే. మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానలేదు" అని ఆయన గొప్పగా చెబుతుంటే, పక్కన కూర్చున్న ఆవిడ "అందుకేనేమోనండీ, తెల్లారగట్ల చెమటలు పట్టేసి లేస్తున్నారు" అంటుంది. మీరు రాయబోయే చార్ట్ కంటే ఆవిడ అన్న ఆ మాట ముఖ్యం. మాటల మధ్యలో దొర్లిపోయే ఇలాంటివి వినపడాలంటే మొదటి కన్సల్టేషన్‌కు కనీసం ముప్పావుగంట కేటాయించాలి, ఇంట్లో వంట చేసేవాళ్లు కూడా పక్కన ఉండాలి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లకు పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోతుంది, తెల్లారగట్ల ఆ చెమటలు దాని గుర్తే కావచ్చు. చార్ట్ చేతికిచ్చే ముందే నేర్పండి: మీటరులో 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి, అప్పటికీ పెరగకపోతే మళ్లీ తాగాలి. అంతేగానీ "మాత్ర సగం వేసుకోండి" అనే మాట మీ నోట రాకూడదు, వాట్సాప్‌లో అసలే రాకూడదు. డోసు సంగతి డాక్టరుది. ఆహారంలో ఏం మారుస్తున్నారో మూడు లైన్లలో ఉత్తరం రాసి, చూపించమని పేషెంటుకే ఇవ్వండి, ఒక కాపీ ఫైల్లో పెట్టుకోండి. చాలామంది డాక్టర్లు జవాబివ్వరు. అయినా రాయాల్సిందే.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిశాక చవక బ్రాండ్లు బోలెడు వచ్చాయి కాబట్టి బ్రాండ్ పేరు చూసి పోల్చుకోలేరు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. ఇవి వేసుకుంటూ, పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే కీటో డైటో, రోజుల తరబడి ఉపవాసమో చేస్తే మీటరులో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ఐసీయూ దాకా వెళ్లొచ్చు. కీటో లాంటిదే అయిన కొబ్బరినూనె డైట్ మన రెండు రాష్ట్రాలనూ ఊపేసిన కాలం గుర్తుందిగా, ఇప్పటికీ "కాస్త అలాంటిదే రాయండి" అని అడిగేవాళ్లున్నారు. సంచి చూడకుండా ఒప్పుకోవద్దు.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రామ్ లాంటి మందులు వాడేవాళ్లకు ఆకుకూరలు పూర్తిగా మాన్పించక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో ఉంటే చాలు. బీపీకి మంచిదని కొనే లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ పేషెంటు ఇంట్లో అది ఉందేమో అడగండి.

ఇంకో డైటీషియన్‌తో ఒప్పందం పెట్టుకోండి. పేషెంటు పేరు తీసేసి వారానికి రెండు మూడు కష్టమైన చార్టులు ఆమె మీవి, మీరు ఆమెవి చూడాలి. నా దృష్టిలో ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ దీనికి సాటి రాదు.

ఎవరికి చార్ట్ రాయకూడదో ముందే రాసిపెట్టుకోండి

క్లినిక్ తెరిచిన కొత్తలో వచ్చిన మనిషిని పంపించేయడం కష్టం, ఒకటో తారీఖు అద్దె గుర్తొస్తుంది. అందుకే ఈ లిస్టు తెరవకముందే రాసుకోవాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోయి "కాస్త ఒళ్లు రావాలి" అని వచ్చేవాళ్లకు ముందు డాక్టర్ పరీక్ష కావాలి, తర్వాతే చార్ట్. తాజా రిపోర్టులు లేని డయాలసిస్ పేషెంట్లు, టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలు కూడా అంతే. తిన్నది కక్కుకునే అలవాటున్న కాలేజీ అమ్మాయి పెళ్లిచూపులకు బరువు తగ్గాలని వస్తే, వాళ్లమ్మ ఎంత బతిమాలినా కేలరీలు తగ్గించే చార్ట్ ఇవ్వొద్దు. ఆమెకు ముందు సైకియాట్రిస్టు అవసరం.

బోర్డు, ప్రకటన

"షుగర్ రివర్స్ గ్యారంటీ" అని బ్యానర్ కట్టే ముందు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం సంగతి కనుక్కోండి. మందులతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో షుగరూ ఉంది, ఊబకాయమూ ఉంది. పొడులో, క్యాప్సూల్సో కలిపి ప్యాకేజీ అమ్మేవాళ్లు ఇందులో తేలిగ్గా ఇరుక్కుంటారు. అసలు ప్రొటీన్ పౌడర్ అమ్మకమే వద్దంటాను. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కౌంటరు మీద డబ్బా పెట్టుకుని ఆ మాట మీరెలా చెబుతారు?

పీహెచ్‌డీ లేకుండా పేరుకు ముందు "డాక్టర్" తగిలించుకోవద్దు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) తెచ్చుకున్నవాళ్లు అది వేసుకుంటే చాలు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో డైటీషియన్లూ ఉన్నారు, మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఉండండి.

"పేషెంట్లను పంపిస్తాం, మాకేంటి?" అని అడిగే క్లినిక్కులు తగులుతాయి. రిఫరల్‌కు డాక్టర్లు కమీషన్ తీసుకోవడాన్ని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలే తప్పన్నాయి. మొదట్లో ఒకసారి ఇస్తే అదే రేటు స్థిరపడిపోతుంది.

గదిలో

చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి, 200 కిలోల దాకా తూగే మెషీన్ ఒకటి ఉండాలి. భారీకాయం ఉన్న మనిషి కుర్చీలో ఇరుక్కుంటే మళ్లీ మీ దగ్గరికి రారు. ఒంట్లో కొవ్వు చూపించే మెషీన్ సన్నని కరెంటు పంపి లెక్కకడుతుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్లను, గర్భిణులను దాని మీద ఎక్కించొద్దు. ఈ ప్రశ్న రిసెప్షన్ ఫారంలోనే అచ్చు వేయించండి.

మూడు నెలల ప్యాకేజీ డబ్బు ముందే తీసుకుంటే, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రసీదు మీదే ఉండాలి. వాట్సాప్ టైమింగ్స్ కూడా అక్కడే రాయండి, లేకపోతే రాత్రి పదకొండింటికి బిర్యానీ ఫొటో పెట్టి "ఎంత తినొచ్చు మేడమ్?" అని అడుగుతారు. సేవలకు జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షలు, మీకు మినహాయింపు ఉందో లేదో సీఏ చేత తేల్పించుకోండి. పనిలో పొరపాటు జరిగిందని ఎవరైనా కేసు వేస్తే ఆదుకునే బీమా, అంటే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, మొదటి రోజు నుంచే ఉండాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వీడియో కన్సల్టేషన్ అడుగుతారు, డాలర్లంటే ఆశే. అయితే అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న డైటీషియనే జబ్బుకు డైట్ రాయాలి. ఆ రాష్ట్రం రూలేంటో చూడకుండా చార్ట్ మెయిల్ చేయొద్దు.

మాలలు, ఉపవాసాలు

కార్తీకం వస్తోందంటే ఫైళ్లు ఒకసారి తిరగేయండి. 41 రోజుల అయ్యప్ప దీక్షలో చాలామంది స్వాములు మధ్యాహ్నం భిక్ష ఒక్కటే కడుపునిండా తిని, రాత్రి అల్పాహారంతో సరిపెడతారు. పొద్దున చన్నీళ్ల స్నానం, పూజ, ఆపైన ఖాళీ కడుపుతో ఇన్సులిన్. రంజాన్ నెలలోనూ ఇదే చిక్కు. మాల వేసుకున్నాక చెబితే ఎవరూ వినరు, భక్తి విషయంలో వాదించడం మీకూ మర్యాద కాదు. నెల ముందే ఫోన్ చేసి "ఈసారి మాల వేస్తున్నారా స్వామీ?" అని అడిగి, వేస్తానంటే ముందు వాళ్ల డాక్టరు దగ్గరికి పంపి, మందుల వేళలు తేలాకే భిక్షలో ఏం తినాలో రాసివ్వండి.