వరి చేను పడిపోయిందా? ముందు ఒక దుబ్బు పీకి, కాండం కోసి చూడండి

ఇంకో వారంలో కోత అనుకుంటుండగా ఒక్క వానకు చేనంతా చాపలా పరుచుకుపోతే ఆ బాధ మామూలుది కాదు. గట్టు మీద అందరూ అనే మాటలు రెండే: "యూరియా ఎక్కువేశావు", "విత్తనం మంచిది కాదు". ఏది నిజమో తేల్చాలంటే పడిన చోట ఒక దుబ్బు, పక్కనే నిలబడిన చోట ఇంకో దుబ్బు తీసుకుని పోల్చండి.

వేళ్లతో సహా ఒరిగింది, కాండం విరగలేదు

ఇది కాండం తప్పు కాదు. వెదజల్లిన చేలో వేరు పైపైనే ఉండిపోతుంది, నాటిన చేలో కూడా ఎప్పుడూ నీళ్లు నిలబెడితే ఇంతే. పిలకలు వేయడం పూర్తయ్యే సమయంలో ఒకసారి నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు కనబడేదాకా ఆరనిచ్చి మళ్లీ పెట్టండి.

కింది కణుపుల దగ్గర మడత పడి వాలింది

ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. పాత పొడుగు రకాలకు ఎరువు వేస్తే పడిపోయేవి. 1966లో ఫిలిప్పీన్స్‌ నుంచి విడుదలైన ఐఆర్ 8 అనే పొట్టి వరి రకం దాన్ని మార్చింది, మరుసటి ఏడాదే మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించారు. ఆ పొట్టితనం తైవాన్ రకం డీ-జియో-వూ-జెన్ నుంచి వచ్చిన ఎస్‌డీ1 అనే జన్యువుది. మామూలు మొక్కలో ఈ జన్యువు జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ తయారీకి పనికొస్తుంది, పొట్టి రకాల్లో దాని డీఎన్ఏలో 383 అక్షరాల ముక్క లేదు, కాబట్టి హార్మోన్ తగ్గి కణుపుల మధ్య దూరం తగ్గిపోతుంది.

మన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, తాతముత్తాతల్లోనూ ఆ వంశానికి చెందిన తైచుంగ్ నేటివ్ 1 ఉంది. అయినా పడుతోంది కదా, ఎందుకు? కాండం ఎత్తు వేరు, లావు వేరు, దాని గోడ గట్టితనం వేరు, ఒక్కోదానికి జన్యువులు వేరు. పైగా జిబ్బరెల్లిన్ తగ్గితే కాండం పొట్టి అవడమే కాదు, కొంచెం సన్నబడుతుంది కూడా. జపాన్ శాస్త్రవేత్తలు 2010లో హబటాకి అనే రకంలో ఎస్‌సీఎం2 అనే జన్యువును గుర్తించారు, అది కాండాన్ని లావు చేస్తూ వెన్నులో గింజల సంఖ్య కూడా పెంచుతుంది. నా దృష్టిలో విత్తనం ఎంచుకునేటప్పుడు "ఎంత పొట్టి" అని అడగడం కంటే "కింది కణుపు ఎంత లావు" అని అడగడం మేలు.

మడత పడిన చోట బ్లేడుతో అడ్డంగా కోయండి. గోడ పల్చగా, కింది కణుపుల మధ్య దూరం ఎక్కువగా ఉంటే నత్రజని తప్పు. ఆ భాగం సాగేది అంకురం దశకు, అంటే కాండం లోపల వెన్ను రూపుకట్టే దశకు, అటూ ఇటూ, అప్పుడు యూరియా ఒక్కసారే గుప్పిస్తే సన్నగా సాగిపోతుంది. మూడు దఫాలుగా వేయండి. పొటాష్ సగం దుక్కిలో, మిగతా సగం అంకురం దశలో వేయండి, ఈ రెండో సగాన్నే చాలామంది ఎగ్గొడతారు. గోడకు బలమిచ్చే ఇంకోటి సిలికా. వరి వేరులో దాన్ని లాక్కునే ఎల్‌ఎస్‌ఐ1 అనే జన్యువు ఉంది, కానీ నేలలో ఉంటేనే కదా లాక్కునేది! గడ్డిలో బోలెడంత సిలికా ఉంటుంది, కాబట్టి దయచేసి గడ్డి తగలబెట్టకుండా నేలలో కలియదున్నండి.

దూరం మామూలుగానే ఉండి కాండం మొత్తం సన్నగా ఉంటే అది రకం స్వభావం. ఎరువుతో బాగుపడదు, వచ్చే సీజన్‌కు రకం మార్చండి.

కాండం మెత్తబడి, లోపల ఆవగింజ కన్నా చిన్న నల్లటి గుళ్లు ఉన్నాయి

కాండం కుళ్లు తెగులు. నీళ్లు తీసి ఆరబెట్టండి, ఈ చేను గడ్డిని మాత్రం నేలలో కలపకుండా బయటికి తీసేయండి.

అక్కడక్కడ కొన్ని మొక్కలే పాలిపోయి, సన్నగా, మిగతావాటికంటే ఎత్తుగా ఉన్నాయి

చాలామంది వీటిని కేళీలు, అంటే విత్తనంలో కలిసిన వేరే రకం మొక్కలు, అనుకుని విత్తనం అమ్మినవాళ్లను తిడతారు. నేనూ ఒకసారి అలాగే పొరబడ్డాను. కింది కణుపుల్లోంచి వేళ్లు పుట్టి, తెల్లగానో గులాబీగానో బూజు ఉంటే అది బకానే తెగులు. మనం జన్యువు ద్వారా తగ్గించిన ఆ జిబ్బరెల్లిన్‌నే ఈ శిలీంద్రం తయారుచేసి మొక్కలోకి వదులుతుంది, అందుకే పొట్టి రకం కూడా సాగిపోతుంది. అసలు ఆ హార్మోన్ ఉనికి బయటపడిందే 1926లో ఈ తెగులు మీద జపాన్ శాస్త్రవేత్త కురొసావా చేసిన పని వల్ల. అలాంటి మొక్కలు పీకి చేను బయట పడేయండి. వచ్చే పంటకు కిలో విత్తనానికి లీటరు నీళ్లలో 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టండి. ఎత్తుగా ఉన్నా పచ్చగా, ఆరోగ్యంగా ఉండి వెన్ను వేస్తే అవి నిజంగానే కేళీలు, వాటినీ ఏరేయాల్సిందే.

ఇప్పటికే పడిపోయింది, ఏం చేయాలి

ముందు నీళ్లు బయటికి తీయండి. పక్కపక్కన ఉన్న నాలుగైదు దుబ్బుల్ని కలిపి కట్టి నిలబెట్టండి, పెద్ద చేలో అంతా సాధ్యం కాకపోతే వెన్నులు నీళ్లలో ఉన్న చోటైనా కట్టండి. గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరిగించి వెన్నుల మీద పిచికారీ చేయండి. గింజ పండి ఉంటే ఇంకో వాన కోసం ఎదురుచూడకుండా, పడిన మడిని ముందే కోసేయండి.