మిద్దె తోటకు పొగాకు కషాయం: నానబెట్టే ముందు చూసుకోవలసినవి

చిక్కుడు తీగకు పేనుబంక పట్టగానే ఎవరో ఒకరు పొగాకు కషాయం కొట్టమంటారు. ఆకుల మందే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అందులో పురుగును చంపేది నికోటిన్. అది చర్మం గుండా మన ఒంట్లోకీ దిగుతుంది.

అందుకే ముందు రబ్బరు గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా. తడి పొగాకును ఉత్త చేతుల్తో పిసికితే కడుపులో తిప్పుతుంది, తల తిరుగుతుంది, వాంతులవుతాయి. తడి ఆకు కోసే కూలీలకు వచ్చే బాధే ఇది.

వంటింటి గిన్నెలు వద్దు. మూత ఉన్న పాత పెయింట్ బకెట్ చాలు. పొయ్యి మీద మరిగించకండి, ఆ ఆవిరి పీల్చకూడదు. చన్నీళ్లలో ఒక రోజు నానితే సరిపోతుంది.

అసలు టెన్షన్ వడగట్టాకే. ఆ నీళ్లు అచ్చం డికాక్షన్‌లా ఉంటాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టారా, పిల్లలు మూత తీయడానికి ఎంతోసేపు పట్టదు. కావలసినంతే చేసుకోండి, సీసా మీద ‘విషం’ అని పెద్దగా రాయండి.

టమాటా, వంగ, మిరప మొక్కల జోలికి పోవద్దు. పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటుకోవచ్చు. ఆకుకూరల మీదా వద్దు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పక్కవాళ్ల బట్టలు మన గోడ పక్కనే ఆరుతుంటాయి. గాలి లేని సాయంత్రం, తేనెటీగలు వెళ్లాక, వాటర్ ట్యాంకు మూత వేసి కొట్టండి.

ఇదే వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, పోసుకోవచ్చా అనే కుర్రాళ్లకు: కుదరదు. ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం 2019 నుంచి దేశమంతా నిషేధం.

ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు మాని, వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.