కొత్త యూనిట్ ఎక్కడ పెట్టాలి? ముడిసరుకు దగ్గరా, కస్టమర్ దగ్గరా?

ఊళ్ళో సొంత స్థలం ఉంది కదా, రెంట్ మిగులుతుంది కదా అని అక్కడే షెడ్ వేసేస్తారు, మిగిలిన రెంట్‌కి డబుల్ లారీ కిరాయిలకే పోతుంది, రెండు మూడేళ్ళకి మెషిన్లు అమ్మకానికి పెడతారు. ఇవి చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

ముందు నోటు పుస్తకం, పెన్ను, ఫోన్లో మ్యాప్. ఎక్సెల్ వద్దు, చేత్తో రాస్తేనే ఖర్చు కళ్ళకి కనపడుద్ది. ఒక పేజీలో ఎక్కడ కొంటారో, ఎదురు పేజీలో ఎక్కడ అమ్ముతారో, పక్కన కిలోమీటర్లు. అరగంట పని.

తర్వాత బరువు, ముడిసరుకు తయారీలో ఎంత తగ్గుద్దో చూడండి. టన్ను పంచదారకి దాదాపు 10 టన్నుల చెరకు కావాలి, పైగా కొట్టిన చెరకు ఆగితే తీపి తగ్గిపోద్ది, అందుకే ఫ్యాక్టరీలు చేల దగ్గరే ఉంటాయి. ఎర్రగుంట్ల, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ కంపెనీలు ఉన్నది సున్నపురాయి కోసం. బ్రెడ్డు, ఐసు, వాటర్ క్యాన్లు మాత్రం కస్టమర్ పక్కనే.

ఇక అందరూ దెబ్బతినేది ఇక్కడే, బరువు లెక్కతో ఆపేస్తారు. కారంపొడి చూడండి. తొడిమలు తీసేస్తే పోయే బరువు కొంచెమే, కాబట్టి హైదరాబాద్‌లో ఆడించినా ఒకటే అనిపిస్తుంది. కాదు. గుంటూరు మిర్చి యార్డులో అదే తేజ రకం మిర్చి పది లాట్లు చూస్తే పది రంగులు, ఒకదాంట్లో నిమ్ము, ఇంకోదాంట్లో తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. కాయ చేత్తో పట్టుకుని విరిచి చూడాల్సిందే. నేను ఒకసారి ఫోన్లో శాంపిల్ ఫొటో చూసి లోడు తెప్పించా, టిక్కీల (మిర్చి బస్తాల) పైన మంచి కాయ, అడుగున తాలు, ఆ పొడి తీసుకున్న షాపుల్లో సగం మళ్ళీ ఆర్డర్ ఇవ్వలేదు.

రెండోది, ఇరుక్కుపోయే డబ్బు. దూరంగా ఉంటే లారీ నిండా కొనాలి. రోజుకి 200 కేజీలు ఆడిస్తారు, కేజీ 150 రూపాయలు అనుకోండి. 30 రోజుల స్టాకు అంటే 9 లక్షలు. యార్డు పక్కనుంటే 5 రోజుల సరుకు చాలు, లక్షన్నర. తేడా ఏడున్నర లక్షలు, 12 శాతం వడ్డీ వేసినా ఏడాదికి 90 వేలు. ఆ ఏడున్నర లక్షలు చేతిలో ఉంటే రెండో మెషిన్ వస్తుంది, కంపెనీ పెరిగేది దాంతోనే. కిరాయి ఎంత అని అడిగేవాళ్ళే గానీ స్టాకు ఎన్ని రోజులని అడిగేవాళ్ళు లేరు, బాధేస్తుంది. సీజన్ అయ్యాక ఏసీ సరుకే (కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ) కొంటారు కాబట్టి దాని రేటు కూడా విడిగా రాసుకోండి.

కస్టమర్ దగ్గరున్నా లాభం ఇలాంటిదే, కంప్లైంట్ ఆ రోజే తెలుస్తుంది, సరిచేసి రేపు పంపొచ్చు. పెనుకొండలో కియా 2019లో కార్ల తయారీ మొదలెట్టింది, విడిభాగాల కంపెనీలు ఆ చుట్టుపక్కలే పెట్టుకున్నాయి. కానీ పక్కనే ఉన్నారని ఒక్క కస్టమర్ మీదే ఆధారపడొద్దు, వాళ్ళ లైను ఆగితే మీదీ ఆగుద్ది. అమ్మకంలో సగానికి మించి ఒక్కరికే పోతుంటే ఇంకొకర్ని వెతకండి.

ఆఖరిగా, స్థలం కొనకండి. 11 నెలల అగ్రిమెంట్‌తో అద్దె షెడ్ తీసుకోండి, ఒక సీజన్ పూర్తిగా ఆడించి, పుస్తకంలో రాసిన లెక్కా నిజంగా అయిన ఖర్చూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే స్థలం వెతకండి.